మార్లవాయిలో కాపురం
(ఏజెన్సీ స్కూళ్లలో కొత్తగా చేరిన టీచర్ల ట్రైనింగ్‌లో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేసింది.)

అందరికీ రామ్ రామ్.

ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ వైపు పోస్టింగ్ వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు కదా, రేపు స్కూల్లో చేరగానే మీకు మొదట వినపడే మాట ఇదే, అందుకే దీనితోనే మొదలుపెట్టాను. నన్ను పిలిచినవాళ్లు బోధనా పద్ధతుల గురించి చెప్పమన్నారు. అవి చెప్పడానికి మీకు మధ్యాహ్నం వేరే సార్ ఉన్నారు. నేను మాత్రం ఒక మొగుడూపెళ్లాల గురించి చెప్తాను. ఆయనది వియన్నా, ఆమె ఇంగ్లండ్ ఆవిడ, ఇద్దరూ కలిసి మన జైనూరు పక్కన మార్లవాయిలో ఇల్లు కట్టుకుని కాపురం చేశారు. పేర్లు మీరు వినే ఉంటారు, క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్. మన దగ్గర పిల్లలకి కూడా హైమన్‌డార్ఫ్ అని, బెట్టీ అని పేర్లు పెట్టుకున్నారు, రేపు మీ హాజరు పట్టీలో ఆ పేరు కనపడినా ఆశ్చర్యపోకండి, ఆ పిల్లాడిని పిలిచి నీ పేరు ఎవరు పెట్టారు నాన్నా అని అడగండి, వాళ్ల తాత కథ మొత్తం చెప్తాడు.

ముందు ఆయన ఇక్కడికి ఎట్లా వచ్చాడో చెప్పి తొందరగా ఊళ్లోకి వెళ్లిపోదాం. 1909లో వియన్నాలో పుట్టాడు, పెద్ద కుటుంబం, పేరులో ఆ వాన్ అనేది అందుకే. అక్కడే ఆంత్రోపాలజీలో, అంటే మనుషుల బతుకు తీరు చదివే శాస్త్రంలో, డాక్టరేట్ చేసి, తర్వాత లండన్ వెళ్లి ఆ శాస్త్రంలో పెద్ద పేరున్న మాలినోవ్‌స్కీ దగ్గర చదివాడు. మాలినోవ్‌స్కీ చెప్పేది ఒకటే, జనం గురించి రాయాలంటే వాళ్ల మధ్యకి వెళ్లి ఉండు, వాళ్ల భాష నేర్చుకో, వరండాలో కూర్చుని దుబాసీని పెట్టుకుని ప్రశ్నలడిగితే కుదరదు అని. ఈయన 1936లో నాగా కొండలకి వెళ్లి అట్లాగే ఉన్నాడు. 1938లో బెట్టీని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడు హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు, దాంతో ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు అయిపోయింది. 1939లో ఇండియాకి వచ్చారు, సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. అంటే చూడండి, భార్యది బ్రిటన్, భర్త బ్రిటన్‌కి శత్రుదేశస్థుడు. వేరే చోట అయితే క్యాంపులో పడేసేవాళ్లు. ఈయన్ని మాత్రం హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దు అని కట్టడి చేశారు. నిజాం సర్కారు మర్యాదగానే చూసింది, పని చేసుకోనిచ్చింది. యూరప్ అంతా తగలబడుతుంటే ఈ ఇద్దరూ నల్లమల అడవిలో చెంచు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, ఉన్నారు.

1940లో చెంచుల దగ్గర. అమ్రాబాద్ పైభాగం. ఆ రోజుల్లో ఆ పైన ఉన్న చెంచులు చాలావరకు గడ్డలు తవ్వుకుని, కాయలూ పండ్లూ ఏరుకుని, తేనె తీసుకుని బతికేవాళ్లు. చివర ఇనప ములికి బిగించిన తవ్వే కర్ర, విల్లు, బాణాలు, కుక్క, నాలుగు కుండలు, బుట్టలు, అంతే ఆస్తి. పొద్దున పోయి తెచ్చుకున్నది ఆ పూటే తినేస్తారు, రేపటికి దాచడం తక్కువ. మీరు ఆలోచించండి, అట్లాంటి చోట మనం ఒక నెల ఉండాలంటే మన బియ్యం, మన పప్పు, మన లాంతరు, మన మంచం అన్నీ మోసుకుపోవాలి, మోసుకుపోయినవన్నీ వాళ్ల కళ్ల ముందు పెట్టుకుని ఉండాలి, వాళ్లు ఆకలితో ఉన్నరోజు కూడా. అక్కడ ఉండడంలో కష్టం అడవీ పురుగులూ కాదండీ, ఇదీ అసలు కష్టం. దీన్ని ఎవరూ నేర్పరు. ఆ చెంచుల పుస్తకం 1943లో వచ్చింది.

తర్వాత 1941లో గోదావరి లోయలోకి, పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. పోడు కొట్టుకుని జొన్న, సామ వేసుకునే జనం. కలపా వెదురూ కొట్టించే కాంట్రాక్టర్ల దగ్గర అప్పులో పడి, ఆ అప్పు ఎంతైందో ఎప్పుడు తీరుతుందో తెలియకుండా ఏళ్ల తరబడి వెదురు కొట్టి గోదాట్లో తెప్పలు వేసేవాళ్లు. హైమన్‌డార్ఫ్ అక్కడే మొదటిసారి, నాకు అనిపించేది ఏంటంటే, చూసి రాసుకుని పోయే పండితుడి పని నుంచి పక్కకి జరిగాడు. పూజలు, పెళ్లిళ్లు రాసుకోవడానికి పోయినవాడు అప్పు లెక్కలు కూడా రాయడం మొదలుపెట్టాడు. ఎందుకంటే ఊళ్లో పడుకుంటే తెల్లారి కాంట్రాక్టరు మనిషి వచ్చి కేకలు వేయడం వినపడుతుంది కదా. జీపులో వచ్చి సాయంత్రానికి పోయేవాడికి ఆ కేకలు వినపడవు. ఆ కొండరెడ్ల ఊళ్లే ఇవాళ పోలవరం ముంపులో పోతున్నాయి, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, మొదలుపెడితే ఇక మార్లవాయి దాకా రాను.

ఇప్పుడు మన దగ్గరికి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని కాల్చి చంపారు. మీకు తెలిసిన కథే. పన్నెండు గూడేల భూమి మాది అని, జంగ్లాత్ వాళ్ల, అంటే అడవి శాఖ వాళ్ల, దౌర్జన్యం ఆపండి అని అడిగినందుకు. ఆ తర్వాత సర్కారుకి భయం పట్టుకుంది, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారు, ఏంటి వీళ్ల బాధ అని తెలుసుకోవాలనుకుంది, అప్పటికే సంస్థానంలో ఉన్న ఈ ఆస్ట్రియా పండితుడు ఉపయోగపడ్డాడు. కొంతమంది అంటారు, ఆయన్ని పంపింది గోండుల కోపం చల్లార్చడానికే కదా, ఆయన నిజాం మనిషే కదా అని. సర్కారు ఉద్దేశం అదే, ఒప్పుకుంటాను, సర్కార్లు ఊరికే ఎవరినీ పంపవు. కానీ ఆ మనిషి సర్కారుకి రాసిన రిపోర్టులు చదివి అప్పుడు మాట్లాడండి. నాలుగు రిపోర్టులు, 1945లో పుస్తకంగా అచ్చువేశారు. తరతరాలుగా దున్నుకుంటున్న భూమిని రిజర్వ్ ఫారెస్ట్ అని గీత గీసి జనాన్ని ఎట్లా వెళ్లగొట్టారో, జంగ్లాత్ చౌకీదారుకి ఏమేం ముట్టచెప్పాలో, రైలు పడ్డాక కింది నుంచి వచ్చిన షావుకార్లూ పెద్ద రైతులూ పట్టాలు ఎట్లా రాయించుకున్నారో, అన్నీ ఉన్నాయి. తనకి నీడ ఇచ్చిన సర్కారుకే, శత్రుదేశం పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని, మీ అధికారులే ఈ పని చేశారు అని రాశాడు. నాకైతే ఆ మనిషి మీద గౌరవం అక్కడ మొదలవుతుంది.

సరే, మార్లవాయి. మీరు వెళ్లండి, దూరమేం కాదు, జైనూరు మండలం, ఇప్పుడు కుమ్రం భీమ్ ఆసిఫాబాద్ జిల్లా కిందికి వస్తుంది. అప్పట్లో తారు రోడ్డు లేదు, ఎండాకాలం ఎడ్లబండి దారి, వానలు పడ్డాయంటే వాగులు పొంగి ఎక్కడివాళ్లు అక్కడే. మలేరియా చలిజ్వరం ఇంటింటా ఉండే ప్రాంతం. అక్కడ ఈ ఇద్దరూ ఇల్లు వేసుకున్నారు, ఊరివాళ్ల ఇళ్లు దేనితో కడతారో దానితోనే, కర్రలు, వెదురు, మట్టి, గడ్డి. డాక్ బంగళాలో దిగలేదు. తహసీల్ ఊళ్లో అద్దెకుండి వచ్చిపోలేదు.

ఇల్లు ఊళ్లో ఉంటే ఏమవుతుందో గోండు గూడెంలో ఉన్నవాళ్లకి తెలుసు, నేను ఉన్నాను కాబట్టి చెప్తున్నా. తెల్లారగట్ల కోడి కూయకముందే తిరగలి చప్పుడు మొదలవుతుంది, ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో, ఆ తర్వాత ఇంకో ఇంట్లో, జొన్నలు విసురుతుంటారు. ఆ చప్పుడు వినపడకపోతే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదని అర్థం, లేకపోతే గుమ్మిలో జొన్నలు అయిపోయాయని అర్థం. తిరగలి చప్పుడు బట్టి ఊళ్లో ఎవరింట్లో తిండి ఎన్నాళ్లు వస్తుందో చెప్పేయొచ్చు. ఏ సర్వే కాగితంలోనూ ఇది రాదు. ఇప్పుడు పిండిమరలు వచ్చాక ఆ చప్పుడు పోయింది అనుకోండి, కానీ నేను చేరిన కొత్తల్లో ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉండేది.

తర్వాత ఆడవాళ్లు వాగుకి నీళ్లకి పోతారు. ఇక్కడే బెట్టీ గురించి చెప్పాలి, ఆమె గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు, హైమన్‌డార్ఫ్ దొర అంటారు, ఆయన పక్కన భార్య అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. అది తప్పు అని నా ఉద్దేశం. చెంచు పెంటల నుంచి ఆమె ఆయన వెంటే ఉంది. గోండుల మీద, కొండరెడ్ల మీద రాసిన పుస్తకాల్లో ఆమె పని కలిసి ఉంది, ఆ మాట పుస్తకాల మీదే ఉంటుంది. అసలు ఊళ్లో సగం మంది ఆడవాళ్లు కదండీ. పరాయి మగవాడు, అందులో తెల్లవాడు, వెళ్లి ఒక గోండు కోడలిని నీ పెళ్లి ఎట్లా జరిగింది, మీ అత్త ఎట్లా చూస్తుంది, కాన్పు ఎట్లా అయింది అని అడిగితే చెప్తుందా. చెప్పదు, చెప్పకూడదు కూడా. ఆ సగం ఊరు తెలిసింది బెట్టీ వల్ల. ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల పనిలో వాళ్లుండగా విని, డైరీలు రాసుకుని. ఇల్లు నడపడం, సరుకులు తెప్పించడం, క్యాంపు కదిలించడం ఇవన్నీ కూడా ఆమె మీదే ఉండేవి. వంట సామానుకి కొరత వచ్చినా, వాన వచ్చి సామాన్లు తడిసినా, జ్వరం వచ్చినా, కాపురం అంటే అదే కదా, పుస్తకాల్లో కనపడని పని. చెల్లెళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు చెప్తున్నా, గూడెంలో మీకు తెరుచుకునే తలుపులు మీ పక్క సీట్లో కూర్చున్న సార్లకి తెరుచుకోవు. అది మీకున్న బలం, వాడుకోండి.

ఇంక ఊళ్లో పగలంతా ఏముంటుంది అంటే, జనం. ఒంటరిగా ఉండడం అనేది ఉండదు. మీరు అన్నం తింటుంటే చూస్తారు, గడ్డం గీసుకుంటుంటే చూస్తారు, ఉత్తరం రాసుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తారు. యూరప్ నుంచి వచ్చినవాళ్లకి ఇది చాలా కష్టం, వాళ్ల దగ్గర తలుపు వేసుకుంటే ఇంక ఎవరూ తట్టరు. మన టౌన్ పిల్లలకీ కష్టమే, మీరు కూడా మొదట్లో విసుక్కుంటారు. విసుక్కోవద్దు. వాళ్లు ఊరికే చూడడం లేదు, మిమ్మల్ని అంచనా వేస్తున్నారు. ఈ మనిషి ఎవరితో ఎట్లా మాట్లాడతాడు, ఊరి పెద్ద పటేల్‌తో ఒకలాగా, పక్క తెగ కొలాం వాడితో ఒకలాగా మాట్లాడతాడా, ఇచ్చిన జొన్న గటక తింటాడా పక్కన పెడతాడా, అన్నీ గమనిస్తారు. అట్లా ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక ఎవరో ఒకరు రాత్రిపూట వచ్చి మెల్లగా అసలు మాట చెప్తారు. మా భూమి ఫలానావాడు రాయించుకున్నాడు సార్ అని. పగలు అందరి ముందూ చెప్పే మాట వేరు, చీకటి పడ్డాక మీ గడప మీద కూర్చుని చెప్పే మాట వేరు. హైమన్‌డార్ఫ్ రిపోర్టుల్లో కేసులు ఊరు ఊరు వారీగా అంత వివరంగా ఎట్లా వచ్చాయి అని నన్నడిగితే, ఆయన గడప ఊళ్లో ఉంది కాబట్టి వచ్చాయి అంటాను.

రాత్రులు ఇంకో లోకం. గోండుల కథలు పాడే పర్‌ధాన్లు కిక్రీ వాయిద్యం పట్టుకుని కూర్చుంటే, మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను, తెల్లవార్లూ నడుస్తుంది కథ. గోండుల్లో నాలుగు సగలు, అంటే వంశాల గుంపులు, ఉంటాయి మీకు తెలుసుకదా, నాల్వేన్, సైవేన్, సార్వేన్, ఏర్వేన్, అంటే నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల వాళ్లు. ఒకే సగలో పెళ్లి కుదరదు. ఒక్కో సగకి ఒక్కో పురాణం, ఆ పురాణం పర్‌ధాన్ నోట్లో ఉంటుంది, ఎక్కడా రాసి లేదు. హైమన్‌డార్ఫ్ వాటిని రాసుకున్నాడు, పూజల్లో అనే మాటలు, కథలు. 1948లో వచ్చిన గోండుల పుస్తకం తిరగేస్తే ఏ పెన్‌కి, అంటే ఏ దేవుడికి, ఏ నెలలో ఎవరు ఏం చేస్తారో వరసగా ఉంటుంది. పుష్యమాసంలో ఒక పెర్స పెన్, అంటే పెద్ద దేవుడి, పూజకి వెళ్లి ఒక్కరోజు ఉంటే అది రాయలేరండీ. ఒక పండగ ఏడాదికి ఒకసారే వస్తుంది. ఆరోజు మీకు జ్వరమొస్తే మళ్లీ ఏడాది ఆగాలి. ఊళ్లో ఏళ్లు ఉంటేనే ఆ వరస తెలుస్తుంది.

గోండుల ఆటపాటల పండగ దండారి గురించి కాసేపు చెప్పనివ్వండి, ఇష్టమైన విషయం. దీపావళి ముందు మొదలవుతుంది. ఆట ఆడే గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద రాసుకుని, మెడలో పూసలు, భుజానికి జింకతోలు, దీక్ష అయ్యేదాకా స్నానం చేయరు. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి వెళ్తుంది. వచ్చినవాళ్లకి ఆ ఊరివాళ్లు కాళ్లు కడిగి, కూర్చోబెట్టి, అన్నం పెట్టి, రాత్రంతా ఆట. బయటివాళ్లు ఫోటో తీసుకునేది ఆ నెమలి ఈకలే. ఊళ్లో ఉన్నవాడు చూసేది వేరే, అన్నాలయ్యాక పెద్దమనుషులు ఒక పక్క చేరి మీ పిల్ల ఉందట కదా అని సంబంధాల మాట ఎత్తుతారు. ఏ ఊరికి దండారి వెళ్తుందో ఆ ఊరితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. గుస్సాడీ ఆట ఆడుతూ ఉంటే వెనకాల రెండు ఊళ్ల చుట్టరికం కలుస్తుంది. ఈ రెండోది చూడాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి, ఆఖరి బస్సుకి పోతే కనపడదు.

అట్లాగే కేస్లాపూర్ నాగోబా. పుష్య అమావాస్యకి మెస్రం వంశం వాళ్లు జన్నారం దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన మోసుకొచ్చి చేసే జాతర. కొత్త కోడళ్లని దేవుడికి చూపించే భేటింగ్ అక్కడే. జనం అందరూ ఒకచోట చేరే ఆ జాతరలోనే అధికారులు కూర్చుని అర్జీలు వినాలి అని దర్బార్ పెట్టించింది 1940లలో, హైమన్‌డార్ఫ్ సలహాతో. ఇవాళ్టికీ జరుగుతోంది. చూడండి ఆలోచన, గోండుని హైదరాబాద్ రమ్మనలేదు, ఆసిఫాబాద్ కూడా రమ్మనలేదు, నువ్వు ఎక్కడికి ఎట్లాగూ వస్తావో అక్కడికే నీ అధికారి వస్తాడు అన్నారు. ఇది ఆఫీసులో కూర్చున్నవాడికి తట్టే ఆలోచన కాదు.

ఇప్పుడు మన పని, చదువు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల ట్రైనింగ్ మొదలైంది. అప్పటికి సంస్థానంలో బడి అంటే ఉర్దూ. గోండు పిల్లాడికి ఉర్దూ రాదు, వచ్చే మాస్టారుకి గోండీ రాదు, మాస్టారు మైదానం మనిషి, జ్వరం భయానికి పది రోజులుండి సెలవు పెట్టి పోయేవాడు. ఇట్లా ఎప్పటికీ కాదు అని, గోండుల్లోనే మరాఠీ కొద్దోగొప్పో చదవడం వచ్చిన కొద్దిమంది యువకులని ఏరి, వాళ్లనే మాస్టార్లుగా తయారుచేయాలి అనుకున్నారు. పుస్తకాల్లేవు. గోండీలో వాచకాలు రాయించారు, దేవనాగరి లిపిలో. ఎందుకు దేవనాగరి అంటే అటువైపు గోండులకి కాస్త అలవాటున్న అక్షరం మరాఠీదే. పాఠాలు వాళ్ల ఊళ్లోవే, వాళ్ల పశువులు, వాళ్ల పండగలు. పెద్దవాళ్లకీ పిల్లలకీ కలిపి చెప్పారు. అక్కడ తయారైనవాళ్లు వెళ్లి వాళ్ల వాళ్ల ఊళ్లల్లో బడులు పెట్టారు, వాళ్లలోంచే తర్వాత గుమస్తాలు, పట్వారీలు కూడా వచ్చారు. మొదటి తరం చదువుకున్న గోండులు చాలామందికి మూలం మార్లవాయి.

ఇది అంతా ఒక్క హైమన్‌డార్ఫ్ చేశాడు అని నేను అనను. రెవెన్యూ చూసే గ్రిగ్సన్ అనే ఇంగ్లీషు అధికారి ఉన్నాడు, బస్తర్‌లో పనిచేసి గోండుల మీద పుస్తకం రాసినవాడు, ఆయన హైదరాబాద్‌లో ఉండడం వల్ల కాగితం కదిలింది. సేతు మాధవరావు పగడి అనే మన సివిల్ సర్వీస్ అధికారి ఉన్నాడు, ఆదిలాబాద్‌లో గిరిజనుల కోసం పనిచేసి, గోండీ నేర్చుకుని, గోండుల మీద రాశాడు కూడా, ఆయన గురించి మనకి ఎందుకో పట్టదు. ఆఫీసులో కదిలించేవాడు లేకపోతే ఊళ్లో ఉన్నవాడు ఒక్కడే ఏం చేయగలడు. వేల కుటుంబాలకి భూమి పట్టాలు వచ్చాయి, 1356 ఫస్లీలో, అంటే మన లెక్కలో 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది, గోండు పంచాయతీలకి గుర్తింపు వచ్చింది. మధ్యలో 1944–45లో ఆయన్ని ఈశాన్యం పంపారు, సుబన్‌సిరి వైపు, తిరిగొచ్చి సంస్థానానికి గిరిజన సలహాదారుగా, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా చేశాడు. తర్వాత లండన్‌లో సోయాస్‌కి, ఆసియా, ఆఫ్రికా దేశాల గురించి చదివే కాలేజీకి, వెళ్లిపోయాడు.

వెళ్లిపోయి మర్చిపోలేదు, నాకు ముఖ్యంగా చెప్పాలనిపించేది ఇదే. నేపాల్‌లో ఏళ్ల తరబడి పనిచేశాడు, పెద్ద పేరొచ్చింది. 1970ల చివర్లో భార్యాభర్తలిద్దరూ మళ్లీ ఈ కొండలకి వచ్చారు, అప్పటికి ఆయనకి డెబ్బై దగ్గర పడింది. పాత ఊళ్లన్నీ తిరిగారు. చూసింది ఏంటంటే, తాము ఇప్పించిన పట్టాల భూములు చాలాచోట్ల మళ్లీ గిరిజనేతరుల చేతుల్లో ఉన్నాయి. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1959 రెగ్యులేషన్ ఉంది, 1970లో దాన్ని గట్టిపరిచే 1/70 వచ్చింది, చట్టం ఉంది, భూమి లేదు. గోండీ వాచకాలు లేవు, బడిలో తెలుగు ఒక్కటే, పిల్లాడికి అర్థం కాని భాష ఉర్దూ నుంచి తెలుగుకి మారింది, అంతే. అవన్నీ 1982లో వచ్చిన పుస్తకంలో మొహమాటం లేకుండా రాశాడు. దానికి ముందు ఏడే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసుల కాల్పులు. నలభై ఏళ్ల కింద ఆయన రాసిన భూమి సమస్యే అది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో చనిపోయింది. ఆమె కోరిక ప్రకారం మార్లవాయికి తీసుకొచ్చి అక్కడే సమాధి చేశారు. ఆయన 1995 జూన్‌లో లండన్‌లో పోయాడు, తర్వాత వాళ్ల అబ్బాయి అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టాడు. ప్రతి జనవరి 11కి అక్కడ ఊరివాళ్లూ అధికారులూ చేరతారు. ఆ రోజు అందరూ దండలు వేస్తారు, మంచిదే, మీరు మాత్రం ఇంకో రోజు వెళ్లండి, జనం లేని రోజు, వెళ్లి ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చినా సరే ఒక మాట. మన దగ్గర చాలా స్కూళ్లలో సార్లు, మేడమ్‌లు టౌన్లో ఉంటారు, బండి మీద వస్తారు, నాలుగింటికి పోతారు. దానికి కారణాలున్నాయి, నాకు తెలుసు, క్వార్టర్స్ ఉండవు, ఉంటే పైకప్పు కారుతుంది, మీ పిల్లలకి స్కూలు కావాలి, ముసలి అత్తామామలకి డాక్టరు కావాలి. అందరూ కుటుంబంతో వచ్చి గూడెంలో ఉండండి అని నేను అనడం లేదు. కానీ పెళ్లికానివాళ్లున్నారు, మొదటి పోస్టింగ్ వాళ్లున్నారు, మీరు మొదటి ఏడాది, ఒక్క ఏడాది, ఊళ్లో ఉండండి. ఒక వానాకాలం, ఒక దండారి, ఒక పుష్యమాసం చూడండి. పిల్లాడు సోమవారం బడికి ఎందుకు రాడో అప్పుడు తెలుస్తుంది, ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే తల్లితో పాటు అడవికి పోయి ఏరుతాడు, పదింటికి తరగతిలో నిద్రపోతాడు. ఆ పిల్లాడిని మీరు కొట్టరు అప్పుడు. గోండీ నేర్చుకోండి, కొలామీ వినండి, పిల్లలే నేర్పిస్తారు, సారుకి పాఠం చెప్పడం అంటే వాళ్లకి ఎంత సంబరమో.

ఎవరో చీటీ పంపారు, చదువుతాను. సార్, ఆయన విదేశీయుడు కాబట్టి గౌరవించారు, మమ్మల్ని అట్లా చూస్తారా అని. మంచి ప్రశ్న. తెల్లవాడికి ఆ రోజుల్లో దొర అనే భయం, గౌరవం ముందే ఉన్నాయి, నిజమే, దాని వల్ల కొన్ని పనులు సులువయ్యాయి. జంగ్లాత్ వాళ్లు ఆయన ముందు నోరెత్తలేదు. కానీ ఆ గోండుల చుట్టూ తెల్లదొరలు వేరేవాళ్లు కూడా తిరిగారు, వేటకి వచ్చారు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు, వాళ్లలో ఒక్కరి పేరు కూడా పిల్లలకి పెట్టుకోలేదు. అనంతపురం వైపు చూడండి, స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 1969లో వచ్చి 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు, ఇళ్లల్లో ఆయన ఫోటో పెట్టుకుంటారు. తోలు రంగు చూసి అయితే నలభై ఏళ్లు గుర్తుపెట్టుకోరు. ఇంకోటి, మీకు ఒక సౌకర్యం ఉంది, మీ బడి ఎక్కడికీ పోదు. ఆయన మంజూరు చేయించాల్సి వచ్చింది, మీకు ఇప్పటికే ఉంది.

చివరికి మీకు ఒక పని ఇచ్చి కూర్చుంటాను. హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు వేలల్లో ఉన్నాయి, సినిమా రీళ్లు కూడా, సోయాస్ వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి, ఫోటోలు చాలావరకు నెట్‌లో చూడొచ్చు. ఫోన్‌లో సేవ్ చేసుకోండి, మీ ఊరు పేరుతో వెతకండి, మార్లవాయి అని, కేస్లాపూర్ అని, ఉట్నూర్ అని. ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చి మార్చి వెతకాలి. వాటిని ప్రింట్ తీయించి బడి గోడకి పెట్టండి, ఊళ్లో ముసలివాళ్లని పిలవండి. ఫోటోలో ఉన్నది ఎవరి తాతో, ఆ డోలు ఏ ఇంటిదో, ఆ చెట్టు ఎక్కడుండేదో వాళ్లే చెప్పగలరు, ఇంకెవరూ చెప్పలేరు, వాళ్లు కూడా ఎక్కువమంది మిగల్లేదు. చెప్పింది చెప్పినట్టు గోండీలోనే ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఆరో తరగతి పిల్లలతో కింద పేర్లు రాయించండి. వచ్చే ట్రైనింగ్‌కి వచ్చేటప్పుడు ఆ పేర్ల కాగితాలు తీసుకురండి, మండలం వారీగా కలిపి పెట్టుకుందాం. జైనూరు వాళ్లు ముందు మొదలుపెట్టండి.